పెద్దాయన ఇంకా చూడలేదు

పైవాళ్లు లేని ఆఫీసు ఆఫీసే కాదు. నిప్పుతోనో చక్రంతోనో నాగరికత మొదలైందని పుస్తకాల్లో ఉంటుంది గానీ, అది పరీక్షల్లో రాయడానికి పనికొచ్చే మాట. నిజానికి మనిషి మనిషైంది, ఎవడో ఒకడు మొట్టమొదటిసారి ఎదుటివాడితో "నాదేం లేదండీ, పైవాళ్లు ఒప్పుకోవాలి" అన్న రోజున.

మీకు తెలియనిది కాదు. ఏ కౌంటరు దగ్గరికి వెళ్లినా అద్దం వెనకాల కూర్చున్నాయన మంచివాడే. మన కాగితం చూసి అయ్యో అంటాడు. "నా చేతుల్లో ఉంటే ఈపాటికి చేసిచ్చేద్దునండీ" అని రెండు చేతులూ చూపిస్తాడు. నిజమే, వాటిలో టీ గ్లాసు తప్ప ఏమీ ఉండదు. పై అంతస్తుకి వెళ్తే అక్కడివాళ్లూ కళ్లు పైకెత్తుతారు. నేను ఒకసారి పంతం కొద్దీ ఒక ఆఫీసులో చివరిదాకా ఎక్కి చూశాను. అంతస్తులన్నీ అయిపోయాక డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంది. (అది నిండి పొర్లిపోతోంది. మోటారు ఆపాలంటే కింద ఎవరో చెప్పాలట.)

ఇంత గొప్ప ఏర్పాటు లేక కూలిపోబోయిన ఒక ఆఫీసు కథ చెప్తాను. అది మా అక్కా బావల డిజైన్ స్టూడియో.

ఇంటి ముందు గది స్టూడియో, వెనక గదులు కాపురం, మధ్యలో ఒక గుమ్మం. దుకాణాల బోర్డులు, డబ్బాల మీద లేబుళ్లు, కంపెనీల లోగోలు చేస్తారు. బొమ్మలూ రంగులూ అక్కవి. అక్షరాలూ, అక్షరాల మధ్య ఖాళీలూ బావవి. (ఖాళీలు చూసుకోవడానికి కూడా ఒక మనిషి కావాలని, ఆయన మా ఇంటి అల్లుడయ్యేదాకా మాలో ఎవరికీ తెలీదు.) మొత్తం సిబ్బంది ఇద్దరే. ఇద్దరూ యజమానులే, అంటే పైన ఎవరూ లేరు. అక్కడే వచ్చింది చిక్కంతా.

వాళ్లిద్దరూ కలిసింది కాలేజీలో బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు. అక్క గీసిన గుర్రం ముందు బావ చాలాసేపు నిలబడి, "గుర్రం బాగుందండీ, మోకాళ్లే వెనక్కి తిరిగాయి" అన్నాడట. అక్క ఊరుకుందా? పక్కనే ఉన్న ఆయన పోస్టర్ చూసి, "మీ అక్షరాలు ఒకదాని మీద ఒకటి అలిగినట్టున్నాయి" అంది. మనలాంటివాళ్లయితే జన్మలో మళ్లీ మొహం చూసుకోరు. వీళ్లు పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయ్యాక అదే నోరు, అవే మాటలు, ఫలితం మాత్రం వేరు. పొద్దున స్టూడియోలో అక్క "బాగుందా?" అని అడుగుతుంది. బావ బాగుందంటే "చూడకుండా చెప్పావు" అంటుంది. బాలేదంటే మధ్యాహ్నం కూరలో ఉప్పుండదు. కాసేపు ఆలోచిస్తే "అంత ఆలోచించాల్సొచ్చిందా?" అంటుంది. మరి బావ తక్కువ తిన్నాడా అంటే, లేదు. తన అక్షరాలని అక్క ఒక్క మాటంటే చాలు, ఆ పూటంతా మూతి ముడుచుకుని ఖాళీలు సర్దుకుంటూ కూర్చునేవాడు.

చివరికి పరుపుల కంపెనీ లోగో దగ్గర కొంప మునిగింది. అక్క హాయిగా పడుకున్న మనిషిని గీసింది. బావ చూసి, "ఎవరో పోయినట్టుందే" అన్నాడు. అంతే, ఇంట్లో మాటలు బంద్. కావలసినవి ఫ్రిజ్ మీద చీటీలు అంటించి అడుక్కునేవాళ్లు. ఆ చీటీల్లో కూడా బావ అక్షరాలు ముచ్చటగా ఉండేవని, అందుకు తనకి ఇంకా ఒళ్లు మండేదని అక్క తర్వాత నాతో చెప్పింది.

అంతలో పరుపులాయన ఫోన్ చేశాడు. లోగో ఏమైందని గట్టిగా అడిగాడు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవట్లేదని క్లయింటుకి చెప్పలేరు కదా. బావ నోటికి ఆ క్షణంలో మానవజాతి అనుభవమంతా అందివచ్చింది.

"మా పెద్దాయన ఇంకా చూడలేదండీ" అన్నాడు.

అవతల పరుపులాయన గొంతు ఒక్కసారిగా తగ్గింది. "ఓ, పెద్దాయన చూడాలా? అయ్యో, తొందరేం లేదండీ. ఆయన్ని నిదానంగా చూడమనండి. నేను ఫోన్ చేశానని మాత్రం చెప్పకండి" అన్నాడు. పనికి తొందరేం లేదన్న క్లయింటుని ఆ స్టూడియో పుట్టాక చూడటం అదే మొదలు.

పెద్దాయన అలా పుట్టారు.

మర్నాడు ఆయనకో మెయిల్ తెరిచారు. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరా ఉంటుంది. ఒకరు చేసిన పని మీద రెండోవాళ్లు ఏమైనా అనాలనుకుంటే పెద్దాయనగా రాయాలి. ఆఫీసులో ఉండేదే ఇద్దరు కాబట్టి రాసిందెవరో పసిపిల్లాడికైనా తెలుస్తుంది. ఆ సంగతి పైకి అనకూడదు. పెద్దాయన రాసింది పెద్దాయనే రాశారు.

మొదటి ఉత్తరువు ఇలా వచ్చింది: "పడుకున్న వ్యక్తి చేతులు ఛాతీ మీద నుంచి తీసి తల కింద పెట్టండి."

అక్క చదివి, తలూపి, "చూశావా, ఇలా చెప్తే ఎవరు కాదంటారు? పెద్దాయనకి మాట్లాడే పద్ధతి తెలుసు" అంది.

"అనుభవం కదా మరి" అన్నాడు బావ, అది రాసి ఇంకా వేళ్లు విరుచుకోకుండానే.

లోగో బ్రహ్మాండంగా కుదిరింది. ఆ మనిషి బతికాడు, కాపురం కూడా.

వాళ్లు డిజైనర్లు కదా, ఏ పని చేసినా దానికో మార్గదర్శకాల పుస్తకం ఉండాలి. పెద్దాయనకీ తయారుచేశారు. పెద్దాయన రెండు వాక్యాలకి మించి రాయరు. ఆశ్చర్యార్థకాలు వాడరు. పొగడరు. ఏ డిజైన్ పంపినా ఏదో ఒక మార్పు చెప్పి తీరాలి (మార్పు చెప్పని పైవాణ్ణి ఎవరూ నమ్మరు). ఆయన మాట మీద అప్పీలు లేదు. పనిలో పనిగా, గుమ్మానికి ఇవతల, స్టూడియోలో ఉన్నంతసేపూ మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు "మీరు" అనుకోవాలని కూడా రాసుకున్నారు. ఆ పుస్తకం ముసాయిదా పెద్దాయనకే పంపితే, "మార్జిన్లు పెంచండి" అని తిప్పి పంపారు.

తర్వాత కిటికీ పక్కన ఆయనకో కుర్చీ వేశారు. నేనొకసారి తెలియక అందులో కూర్చున్నాను.

"లేరా, పెద్దాయనది" అంది అక్క.

"ఆయన లేరు కదక్కా."

"లేకపోతే మాత్రం? మర్యాద ఉండొద్దూ?"

లేచాను. బల్ల మీద ఆయన పేరు పలక ఉంది. అక్క ఒకటి, బావ ఒకటి గీసి పంపితే రెండూ తిప్పికొట్టారట. అందుకని పలక ఖాళీగానే ఉంది. వచ్చిన క్లయింట్లు ఆ ఖాళీ పలక చూసి, ఎంత నిరాడంబరుడో అని ముచ్చటపడేవాళ్లు.

పెద్దాయన పేరు మార్కెట్లో పాకిపోయింది. ఆన్‌లైన్ మీటింగులన్నీ ఆయన అకౌంట్‌లోంచే పెట్టేవాళ్లు. రికార్డింగులు కూడా ఆయన ఖాతాలోనే చేరేవి (ముఖ్యమైనవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి). పాత ఫోన్ ఒకటి ఆయనకి కేటాయించి, కెమెరా ఆపి, నోరు మూసి, కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. తెర మీద ఒక నల్ల గడి కనిపించేది. మనిషి ఎంత పెద్దవాడైతే కెమెరా అంత తక్కువ వాడతాడని అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "లోగో ఇంకాస్త పెద్దది చెయ్యండి" అని మొదలుపెట్టిన మహామహులు ఆ నల్ల గడిని ఓరకంట చూసి, "అంటే, సారుకి అభ్యంతరం లేకపోతేనే" అని నీళ్లు నమిలేవాళ్లు. సారు కిమ్మనేవారు కాదు. లోగో ఉన్నంతే ఉండేది. డిజైనర్ల చరిత్రలో ఇది ఎంత పెద్ద విజయమో ఆ పని చేసేవాళ్లనడగండి, కళ్లనీళ్లు పెట్టుకుని చెప్తారు.

ఇంత మంచి మనిషిని ఆఫీసుకే పరిమితం చేస్తే పాపం కదా. మెల్లిగా ఆయన గుమ్మం దాటి ఇంట్లోకొచ్చారు. ఫ్యాను రెండు మీద ఉండాలా మూడు మీద ఉండాలా అని మొదటి ఫైలు వెళ్లింది. "రెండున్నర పరిశీలించండి" అన్నారు. కిటికీలకి పచ్చ కర్టెన్లా, నీలం కర్టెన్లా అంటే "రెండూ వద్దు" అన్నారు. ఇప్పటికీ ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట పడుకోవాలంటే మొహం మీద తువ్వాలు వేసుకోవాలి. మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లడంపై "వెళ్లండి. త్వరగా రండి" అని అనుమతిచ్చారు. మా పిన్ని ఇంకా అక్కతో సరిగ్గా మాట్లాడట్లేదు.

"మాకిప్పుడు గొడవలే లేవురా" అంది అక్క ఒకరోజు. కరెంటు పోయిందని చెప్పినట్టు చెప్పింది. భోజనాల బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, బ్యాంకులో టోకెన్ పట్టుకున్నవాళ్లలా, శుభ్రంగా తిని లేచారు. నేను ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. నాకు ముద్ద దిగలేదు.

ఇలా ఉండగా పిల్లల ఆసుపత్రి పని వచ్చింది.

ఆసుపత్రిలో పొడుగాటి వరండా ఉందట. ఒక కొసన రిజిస్ట్రేషన్, మధ్యలో బిల్లింగ్, వరసగా డాక్టర్ల గదులు, ఆ చివర ఇంజెక్షన్ల గది. గోడంతా బొమ్మలు కావాలన్నారు. అక్క తిండీ తిప్పలూ మానేసి కూర్చుంది. ఒక జిరాఫీని గీసింది. దాని ఒళ్లు రిజిస్ట్రేషన్ దగ్గరే ఉంటుంది. మెడ మాత్రం అలా సాగి సాగి, అన్ని గదుల తలుపుల మీదుగా వెళ్లి, ఇంజెక్షన్ల గది దాకా పోతుంది. అక్కడ తల దించి, కుర్చీలో కూర్చున్న పిల్లాడి మొహంలోకి చూస్తుంది. నువ్వు ఎంత దూరం వెళ్లినా నేనూ వస్తున్నాలే అన్నట్టుంటుంది దాని చూపు.

ఇక్కడ మీకో ఇంటి రహస్యం చెప్పాలి. మా బావకి సూదంటే భయం. ఇంత మీసం పెట్టుకుని, రక్త పరీక్షంటే చాలు, కాళ్లు వణుకుతాయి. అక్క పక్కన కూర్చుని, ఆయన గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, అయిపోయేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. జిరాఫీ ఎవరో నాకు చూడగానే అర్థమైంది. బావకీ అర్థమైంది. ఆ ఫైలు తెరిచినప్పుడు నేను ఆయన వెనకే ఉన్నాను. కళ్లద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"ఒరేయ్, చూశావా మీ అక్క ఏం గీసిందో" అన్నాడు.

"మరి చెప్పు బావా అక్కతో. పక్క గదిలోనే ఉంది."

ఆయన నావైపు చాలా జాలిగా చూశాడు. "నేనెలా చెప్తాను? అది పెద్దాయన చూడాల్సిన ఫైలు. నా పరిధిలోకి రాదు."

"పోనీ పెద్దాయనగానే చెప్పు, బాగుందని."

"పెద్దాయన పొగడరు" అన్నాడు బావ. పుస్తకం తెరిచి చూపించాడు కూడా.

మార్పు చెప్పి తీరాలి. పాపం, పూటంతా వెతికాడు. రంగుల్లో తప్పు లేదు, గీతల్లో తప్పు లేదు, మోకాళ్లు కూడా ఉండాల్సిన వైపే ఉన్నాయి. చివరికి, తప్పేదీ దొరక్క, కంటికి ఎదురుగా ఉన్నదాని గురించే రాసిపడేశాడు: "ఫరవాలేదు. జిరాఫీ మెడ తగ్గించండి."

అక్క ఆ మెయిల్ చదివింది. అప్పీలు లేదు కదా. మెడ తగ్గించింది. తగ్గిస్తే తల ఎక్కడికొచ్చి ఆగింది? సరిగ్గా బిల్లింగ్ కౌంటర్ మీద.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి అక్క పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరూ కూర్చోకూడని కుర్చీలో, కాళ్లు పైకి ముడుచుకుని, కర్టెన్లు లేని కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

"అక్కా, బావకి చాలా నచ్చింది. నేను చూశాను. కళ్లు తుడుచుకున్నాడు" అన్నాను.

"నువ్వు చెప్తే ఎలా రా?" అంది. "పద్ధతి ప్రకారం రావాలి." అలా అని నవ్వబోయింది గానీ నవ్వు కుదర్లేదు. "నచ్చిందో లేదో పక్కన పెట్టు. ఆ బొమ్మ ఎవరి గురించి వేశానో ఆ మనిషికి తెలియలేదురా. పెళ్లికి ముందు గుర్రం మోకాళ్లు చూసినవాడు, ఇప్పుడు జిరాఫీ మొహం చూడలేదు."

నాకు బావ మీద అరికాలి మంట నెత్తికెక్కింది. వెళ్లి అడిగితే, ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "ఉత్తరువు వెళ్లిపోయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పెద్దాయన మాటకి విలువేముంటుంది?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఉన్న దిగులు చూసి, ఏ ఆఫీసులోనైనా అద్దం వెనకాల కూర్చున్నాయన ఇంటికెళ్లాక ఇలాగే ఉంటాడేమో అనిపించింది.

ఆసుపత్రివాళ్లతో చివరి మీటింగు. నన్ను సాయానికి పిలిచారు. పెద్దాయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఆయన ఫోన్ తెర ఆరిపోకుండా అప్పుడప్పుడూ వేలితో తట్టడం నా పని. (పైవాళ్లు నిద్రపోకుండా తట్టి లేపే ఉద్యోగం. ప్రతి ఆఫీసులోనూ ఒకటి మంజూరు చేస్తే దేశం బాగుపడుతుంది.)

అవతల ఆసుపత్రి అడ్మిన్ మేడమ్ వచ్చారు. చురుకైన మనిషి. "మా ఛైర్మన్ గారు కూడా జాయిన్ అయ్యారండీ" అన్నారు. చూస్తే తెర మీద ఇంకో నల్ల గడి. కెమెరా లేదు, మాట లేదు. మా పెద్దాయనా, వాళ్ల ఛైర్మన్ గారూ పక్కపక్కనే, రెండు పలకల్లా, ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఇంతలో మేడమ్ దగ్గారు. ఎవరి దగ్గర చప్పుడైతే వాళ్ల గడి చుట్టూ వెలిగే పచ్చగీత, ఆమె బొమ్మ చుట్టూ వెలిగింది. ఛైర్మన్ గారి గడి చుట్టూ కూడా సరిగ్గా అప్పుడే వెలిగింది. ఇద్దరికీ ఒకేసారి దగ్గు రావడం యాదృచ్ఛికం అనుకున్నాను.

అక్క బొమ్మ చూపించింది.

"అద్భుతంగా ఉందండీ" అన్నారు మేడమ్. "కానీ జిరాఫీ తల బిల్లింగ్ దగ్గర ఉందేంటి?"

"మా పెద్దాయన సూచనండీ" అంది అక్క.

"ఓహో, ఆయనే చెప్పారా? అయితే ఏదో ఆలోచించే చెప్పుంటారు." మేడమ్ కాసేపు ఆలోచించారు. "నిజమే సుమండీ. బిల్లు చూసినప్పుడు కూడా మనిషికి ఒక తోడు కావాలి. ఎంత లోతైన ఆలోచన!"

బావ కుర్చీలో కదిలాడు. అక్క తెర వైపే చూస్తోంది.

"అయితే మా ఛైర్మన్ గారు ఒక మాట చెప్తే..." అన్నారు మేడమ్.

"మా పెద్దాయన ఒక మాట అంటే..." అన్నాడు బావ.

అందరూ ఎదురుచూశారు. నల్ల గడులు రెండూ ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటూ మౌనంగా ఉన్నాయి. నేను పెద్దాయన్ని ఒకసారి తట్టాను. ఎవరి పైవాళ్లూ ఏమీ అనలేదు. ఇలాగే సాయంత్రందాకా ఉండిపోయేవాళ్లమేమో, అక్క ఉన్నట్టుండి బావ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు" అంది.

ఆఫీసు గదిలో "నువ్వు" అంది. ఫోన్ తట్టబోయిన వేలు గాల్లోనే ఆపేశాను.

బావ గొంతు తగ్గించి, "మీటింగులో ఉన్నామండీ. తర్వాత పెద్దాయనకి..." అన్నాడు.

"పెద్దాయన గంగలో కలవనీ. నిన్నడుగుతున్నాను. నచ్చిందా లేదా? నీకు. నీ కళ్లకి."

అడ్మిన్ మేడమ్ తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగారు.

బావ తెర వైపు చూశాడు, ఖాళీ పేరు పలక వైపు చూశాడు, పైకి చూశాడు. ఫ్యాను రెండున్నర మీద తిరుగుతోంది. ఇక చూడటానికి పైన ఎవరూ మిగల్లేదు. కళ్లద్దాలు తీసేశాడు.

"మెడ తగ్గించమన్నది నేనే" అన్నాడు. "తప్పేమీ దొరక్క రాశాను. అది అక్కడిదాకా వెళ్లాలి. ఇంజెక్షన్ల గదిదాకా వెళ్లాలి. పిల్లాడు కళ్లు పైకెత్తితే దాని మొహం కనిపించాలి... నాకు నీ మొహం కనిపించినట్టు. నాకు మొదట్నుంచీ తెలుసు అది నువ్వేనని. చాలా బాగుందే. నువ్వు గీసినవాటన్నిటిలోకీ ఇదే బాగుంది. నేనే, నోరుండి, చెప్పలేకపోయాను."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. ఆ కంగారులో వేలు ఎక్కడ తగిలిందో, పెద్దాయన ఫోన్‌కి మాట వచ్చింది. నేను ముక్కు ఎగబీల్చిన చప్పుడు మీటింగు మొత్తానికీ గట్టిగా వినిపించింది. నల్ల గడి చుట్టూ పచ్చగీత వెలిగింది.

అందరూ నిటారుగా కూర్చున్నారు.

"సారు కూడా కదిలిపోయారు" అన్నారు అడ్మిన్ మేడమ్, భక్తిగా. తర్వాత కాస్త ఆగి, తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుని, "మా ఛైర్మన్ గారికి కూడా నచ్చిందండీ. పొడుగు మెడే ఉంచమంటున్నారు" అన్నారు.

"ఆయనేమీ అనలేదు కదండీ?" అంది అక్క.

"ఆయన అనరండీ" అన్నారు మేడమ్. అక్కా, ఆమే ఒకరినొకరు చూసుకున్నారు. ఆడవాళ్లిద్దరూ తెరకి చెరో వైపూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. పాపం, బావకి ఎందుకో తెలీలేదు.

మీటింగు వివరాలు మర్నాడు ఆసుపత్రి నుంచి వచ్చాయి: "ఇరుపక్షాల పెద్దలూ కూలంకషంగా చర్చించి పొడవు మెడను ఆమోదించారు. డిజైన్ సంస్థ పెద్దాయన కంటతడి పెట్టారు." జిరాఫీ ఇప్పుడు ఆ గోడ మీద ఉంది. ఒళ్లు ఒక చోట, మనసు ఒక చోట.

ఆ వారమే పెద్దాయన పదవీ విరమణ చేశారు. క్లయింట్లందరికీ కబురు పెట్టారు. పరుపులాయన ఫోన్‌లో చాలా బాధపడ్డాడు. "ఆయన చెయ్యి పడితేగానీ నా పరుపులు అమ్ముడుపోలేదండీ. ఇక మీ ఇద్దర్నీ ఎవరు చూసుకుంటారు?" అన్నాడు. ఆయన మళ్లీ ఎక్కడ తిరిగొస్తారో అని భయపడి, అకౌంట్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టారు. సగం అక్క కళ్లు మూసుకుని కొట్టింది, సగం బావ కళ్లు మూసుకుని కొట్టాడు. కొట్టేసి లాగౌట్ అయ్యారు. ఇక ఆ తలుపు తెరవడం ఆయన వల్ల కూడా కాదు. పాత ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి నాకిచ్చేశారు. కుర్చీలో ఇప్పుడు ఎవరైనా కూర్చోవచ్చు.

ఇల్లు ఇల్లులా మారింది. అంటే, వీధి చివర్నుంచే అరుపులు వినిపిస్తున్నాయి. మొన్న వెళ్లేసరికి ఒక సబ్బు డబ్బా మీద యుద్ధం నడుస్తోంది. "ఈ నురగేంటి, తెల్ల గొంగళిపురుగులా ఉంది" అని బావ, "నీ అక్షరాలు ముందు స్నానం చెయ్యాలి" అని అక్క. కర్టెన్లు ఇంకా లేవు, పచ్చా నీలమా తేలలేదు. కూరలో ఉప్పు లేదు. నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

భోజనాలయ్యాక కాస్త వేడి తగ్గింది. అక్క గిన్నెలు సర్దుతూ, బావ వైపు చూడకుండా, చిన్నపిల్లలా అడిగింది.

"ఆ రోజు అన్నావు కదా, జిరాఫీ గురించి. ఇంకోసారి అనవా?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. నన్ను చూశాడు, గోడని చూశాడు.

"అన్నాను కదే ఆ రోజు, అందరి ముందూ" అన్నాడు. "రికార్డింగ్ ఉంది, చూసుకో."

అక్క చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది. ఆ మీటింగు లింకు వెతికి, నొక్కింది. కాసేపు తిరిగి తిరిగి, తెర మీద అక్షరాలు వచ్చాయి. (చక్కటి అక్షరాలు. ఖాళీలు కూడా సరిగ్గా ఉన్నాయని బావ తర్వాత ఒప్పుకున్నాడు.)

"ఈ రికార్డింగ్ చూడటానికి మీకు అనుమతి లేదు. మీ అభ్యర్థనను పెద్దాయనకు పంపాం. ఆయన ఇంకా చూడలేదు."